మళ్ళీ మహమ్మారి వస్తే అడగని ఇళ్ళని ఎలా పట్టుకోవాలి? (ఫారమ్ తయారు చేస్తున్నాం, చూసి తిట్టండి)

గట్టుమీద_కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, పొడుగైతే ఏమనుకోకండి. కోవిడ్ టైంలో మేం ఓ పదిహేను మంది కలిసి సరుకులు పంచాం. 2020 మార్చి 11న డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళు ఇది మహమ్మారే అని తేల్చి చెప్పిన రోజుకి మాకు కనీసం ఒక వాట్సాప్ గ్రూపు కూడా లేదు, కొన్ని వారాలు తిరిగేసరికి బళ్ళేసుకుని సంచులు మోస్తూ తిరుగుతున్నాం. ఆ ఊపులో అదరగొట్టేశాం అనుకున్నాం. మొన్న ఇల్లు సర్దుతుంటే అప్పటి నోటుబుక్కు దొరికింది, తిరగేస్తే నా మీద నాకే ఒళ్ళు మండింది. ఒకే ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాం, ఆ పక్కింటికి ఒక్కసారంటే ఒక్కసారి కూడా పోలేదు. పక్కింట్లో ఉండేది మిషన్ కుట్టుకునే ఆవిడ, ఇద్దరు పిల్లలు. ఎందుకు వెళ్ళలేదా అని ఎంత ఆలోచించినా ఒకటే జవాబు, ఆవిడ అడగలేదు. నాలుగుసార్లు పుచ్చుకున్నాయనకి మాలో ఒకడి నంబర్ తెలుసు, అంతే తేడా.

అందుకే ఏ గొడవా లేని ఈ టైంలోనే ఒక ప్లాన్ రాసి పెట్టుకుందామని కూర్చున్నాం. ముందుగా ఒక ఫారమ్ చేశాం. ఇంటి పెద్ద పేరు, గుర్తింపు కార్డు నంబర్, ఎంతమంది ఉంటారు, సంపాదన ఎంత, సంచి తీసుకుంటున్నప్పుడు ఒక ఫొటో, కింద సంతకం. ఇంకేం కలపాలో చెప్పండి.

లెక్కలమాస్టారు:
మంచి పని తమ్ముడూ. కార్డు నంబర్ తప్పకుండా ఉంచండి, లేకపోతే ఒకే ఇంట్లోంచి ముగ్గురొచ్చి మూడు సంచులు పట్టుకెళ్తారు. ఫొటో కూడా ఉండాలి. నేను అప్పట్లో ఒక గ్రూపుకి లెక్కలు చూశాను, డబ్బులిచ్చిన వాళ్ళు రుజువేది రుజువేది అని ప్రాణం తీసేవాళ్ళు. వాళ్ళు అడగడంలో కూడా తప్పులేదు, ఎక్కడెక్కడి క్యూఆర్ కోడ్‌లు తిరిగేవో మీకు తెలుసుగా.

వీధిదీపం:
ఫొటోలో సంచి ఏ చేత్తో పట్టుకోవాలో కూడా ఫారమ్‌లో రాసేయండి మాస్టారూ, కుడిచెయ్యో ఎడమచెయ్యో. ఇచ్చేవాళ్ళు ఐదుగురు, సంచి ఒకటి, తీసుకునే ముసలావిడ మధ్యలో నిలబడి ఎటు చూడాలో తెలీక… ఇలాంటివి ఎన్ని చూశాం అప్పట్లో

మూడో_అంతస్తు:
ఈ థ్రెడ్ రెండుసార్లు చదివి మూసేశా, మళ్ళీ తెరిచా. నేను అవతలి వైపు మనిషిని, అంటే పుచ్చుకున్న వైపు.

మా ఆయన డ్రైవరు, బండి ఆగిపోయింది, నేను రెండిళ్ళల్లో పనిచేసేదాన్ని, రావద్దన్నారు. అద్దె ఇల్లు, అత్తగారికి బీపీ, షుగరు. మొదటి నెల ఎలాగో నెట్టాం. ఆ తర్వాత మొత్తం మూడు గ్రూపుల వాళ్ళు వచ్చారు, ముగ్గురూ మంచివాళ్ళే, కాదనను. ముగ్గురి సంచీల్లోనూ అవే సరుకులు. వంటకి గ్యాస్ లేదు మా దగ్గర. అత్తగారి మాత్రలు అయిపోయి తొమ్మిది రోజులు. పెద్దపిల్లకి ప్యాడ్లు లేక పాత బట్టలు చింపి ఇచ్చాను. ఇవన్నీ గుమ్మం ముందు నిలబడి ఒక మగపిల్లాడితో ఎలా చెప్తాం చెప్పండి, అతనేమో ఇంకా పది ఇళ్ళున్నాయండీ అని తొందర పడుతుంటే. సరుకులున్నాయి కదా అని సంతకం పెట్టేశా.

ఫొటో సంగతి. ఒకాయన తీశాడు, గ్రూపులో పెట్టాడు, అది తిరిగి తిరిగి మా పిల్ల క్లాసు వాళ్ళ గ్రూపులోకి వచ్చింది. ఆ తర్వాత ఇంకో గ్రూపు వాళ్ళు ఫోన్ చేస్తే మాకేం అవసరం లేదండీ అని చెప్పాను. అవసరం ఉంది. అయినా చెప్పాను. మీరన్న మిషనావిడ ఎందుకు అడగలేదో నాకైతే ఆశ్చర్యం లేదు.

గట్టుమీద_కుర్రాడు:
అక్కా… ఏం రాయాలో తెలీట్లేదు. ఇంకా పది ఇళ్ళున్నాయండీ అనేది నా డైలాగే. ఫొటో గడి ఇప్పుడే తీసేశా.

లెక్కలమాస్టారు:
తీసేయండి. నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా. దాతలకి రుజువు కావాలంటే కొన్న బిల్లులు చూపించొచ్చు, ఎన్ని ఇళ్ళకి ఎన్నిసార్లు ఇచ్చామో లెక్క చూపించొచ్చు, మొహాలు చూపించక్కర్లేదు. వారానికోసారి వచ్చింది ఇంత, పోయింది ఇంత, మిగిలింది ఇంత అని ఒక కాగితం పెడితే చాలు. కానీ కార్డు నంబర్ మాత్రం ఉండాల్సిందే అంటాను, డూప్లికేట్ల సంగతేంటి మరి?

వీధిదీపం:
డూప్లికేట్ వస్తే ఏం కొంప మునుగుతుంది మాస్టారూ, ఒకింటికి రెండు సంచులు పోతాయి. కార్డు లేని ఇల్లు వదిలేస్తే అక్కడ ఒక్క సంచీ పోదు. రెండు తప్పుల్లో ఏది పెద్దది? పనికోసం వేరే చోటినుంచి వచ్చి బతుకుతున్న వాళ్ళకి కార్డు ఎక్కడో ఉంటుంది, మనిషి ఎక్కడో ఉంటాడు. అందరికంటే ముందు ఆకలి తగిలింది వాళ్ళకే

పాత_టపా:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి, చరిత్ర పిచ్చి. 1665లో ఇంగ్లండ్‌లో ఈమ్ అనే చిన్న ఊళ్ళోకి ప్లేగు వచ్చింది. 1666లో ఆ ఊరివాళ్ళు ఒక నిర్ణయం తీసుకున్నారు, మనం బయటికి పోవద్దు, బయటివాళ్ళు లోపలికి రావద్దు అని. మరి తిండి? చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సరిహద్దు రాయి దగ్గర సరుకులు పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఈమ్ వాళ్ళు వచ్చి తీసుకుని, ఆ రాతికి తొలిచిన గుంటల్లో వెనిగర్ పోసి అందులో నాణేలు వేసి పెట్టేవాళ్ళట, అంటు అంటకుండా. మనం గుమ్మం ముందు సంచి పెట్టి బెల్ కొట్టి పది అడుగులు వెనక్కి నడిచామే, దాని ముత్తాత అది. నాకు అందులో నచ్చింది నాణేల సంగతి. ఊరంతా చస్తున్నా, కొనుక్కుంటున్నాం అనే ఒక మర్యాద మిగిలింది వాళ్ళకి.

దీనికి పూర్తిగా తిరగేసిన కథ 2014లో జరిగింది, లైబీరియా రాజధాని మన్రోవియాలో వెస్ట్ పాయింట్ అనే మురికివాడ. ఎబోలా భయంతో ఆగస్టులో మొత్తం పేటని కంచె వేసి మూసేశారు, లోపల వేలమంది. తిండి ముందే ఏర్పాటు చేయకుండా ముందు కంచె వేశారు. జనం తిరగబడ్డారు, కాల్పులు, ఒక కుర్రాడు చచ్చిపోయాడు. పది రోజులకి కంచె తీసేశారు. ఇంట్లో ఉండు అని చెప్పే ముందు, ఇంట్లో ఉంటే తినడానికి ఏముంది అని అడగాలన్నమాట. ఎబోలాకి క్వారంటైన్ 21 రోజులు, రోజుకూలీ ఇంట్లో 21 రోజుల సరుకు ఎక్కడైనా ఉంటుందా.

నర్సక్క:
పాత_టపా గారూ బాగా గుర్తు చేశారు. నేను వార్డులో పనిచేసేదాన్ని, చిన్న చిన్న విషయాలు చెప్తా, ప్లాన్‌లో రాసుకోండి.

ఒకటి, మందులు. సరుకుల సంచి కంటే ముందు అడగాల్సింది ఇదే. బీపీ, షుగరు, మూర్ఛ, టీబీ, హెచ్‌ఐవీ మందులు మధ్యలో ఆపకూడదు. టీబీ మందులు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది, తర్వాత ఆ మందులకి లొంగదు. ఎన్ని రోజులకి సరిపడా మిగిలున్నాయి అని అడగండి, మందులున్నాయా అని అడిగితే రెండు మాత్రలున్నా ఉన్నాయనే అంటారు. పేరు చెప్పమని అడగొద్దు, ఖాళీ అట్ట చూపించమనండి, పేర్లు పలకడంలోనే సగం తప్పులు జరుగుతాయి. డోసు మీరు మార్చొద్దు, దానికి బదులు ఇది అని మీరు తేవొద్దు. ఇన్సులిన్ అయితే వాడటం మొదలెట్టనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు, బండి డిక్కీలో పెట్టుకుని మధ్యాహ్నం ఎండలో ఇరవై ఇళ్ళు తిరగొద్దు, ముందు ఆ ఇంటికే వెళ్ళండి.

ఇంకోటి చంటిపిల్లల పాలపొడి డబ్బాలు. ఇది చెప్తే చాలామందికి కోపం వస్తుంది. మంచి మనసుతోనే అందరికీ డబ్బాలు పంచేస్తారు. తల్లిపాలు తాగే బిడ్డకి డబ్బా అలవాటు చేస్తే తల్లికి పాలు తగ్గుతాయి, ఉచిత డబ్బా అయిపోయాక కొనే స్తోమత ఉండదు, నీళ్ళు శుభ్రంగా లేకపోతే విరేచనాలు. ఇలా పంచడం మీద 1981లోనే డబ్ల్యూహెచ్‌ఓ సభలో ఒక నియమావళి పెట్టారు. కోవిడ్ వచ్చిన తల్లి కూడా మాస్క్ పెట్టుకుని చేతులు కడుక్కుని పాలివ్వొచ్చనే చెప్పారు అప్పుడు. తల్లి లేని బిడ్డ, లేదా అప్పటికే డబ్బాపాల మీద ఉన్న బిడ్డ, ఆ ఇల్లు వేరు, వాళ్ళకి మాత్రం ఒక్క రోజు కూడా తప్పకూడదు. అందరికీ ఒకటే సంచి అనే ఆలోచనే తప్పు.

ఊరికే_చూస్తుంటా:
నర్సక్కా ఒక డౌటు. మేం అప్పుడు ప్రతి ప్యాకెట్‌నీ సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టి మరీ ఇచ్చేవాళ్ళం, రాత్రి రెండింటిదాకా అదే పని, మళ్ళీ వస్తే అలాగే చేయాలా

నర్సక్క:
కోవిడ్‌కైతే ఆ శ్రమ చాలావరకు వృథా అని తర్వాత తెలిసింది, వస్తువుల మీదనుంచి అంటుకోవడం చాలా తక్కువ, ముఖ్యంగా గాల్లోంచే. మీరు ప్యాకెట్లు కడిగిన గదిలో పదిమంది తలుపులు మూసుకుని కూర్చుని ఉంటే అదే అసలు ప్రమాదం 🙂 కానీ వచ్చే జబ్బు కోవిడ్‌లాగే ఉంటుందని రాసిచ్చిన వాళ్ళెవరూ లేరు. ఎబోలా అయితే రోగి ఒంటి ద్రవాలు, వాళ్ళు వాడిన పక్కబట్టలు తాకడం వల్ల వస్తుంది, కలరా అయితే నీళ్ళు. అందుకే ప్లాన్‌లో కడగాలి అనో కడగొద్దు అనో రాయకండి. జబ్బు ఎలా అంటుకుంటుందో కనుక్కునే పని ఒకరికి అప్పజెప్పి, వారానికోసారి పద్ధతి మార్చుకోవాలి అని రాయండి.

కోడ్_కోతి:
ఇదంతా పేపర్ మీద ఎందుకు భయ్యా, యాప్ చేసేద్దాం. పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశంలో 2020 ఏప్రిల్‌లో నోవిస్సీ అని ఒక డబ్బుసాయం పథకం పెట్టారు, ఆ మాటకి అక్కడి ఎవే భాషలో ఒకరికొకరు తోడుండటం అని అర్థమట. మామూలు కీప్యాడ్ ఫోన్‌లో ఒక కోడ్ కొడితే చాలు, అర్హత ఉంటే డబ్బు నేరుగా మొబైల్ ఖాతాలో పడేది, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఆఫీసుకి పోనక్కర్లేదు, ఎవడి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. ఆడవాళ్ళకి కొంచెం ఎక్కువ ఇచ్చారు కూడా. తర్వాత ఉపగ్రహ ఫొటోలు, ఫోన్ వాడకం వివరాలు కలిపి ఏయే ప్రాంతాల్లో ఎవరు బాగా పేదవాళ్ళో కంప్యూటర్‌తో అంచనా వేశారు. ఇల్లిల్లూ తిరిగే పనే లేదు!!

వీధిదీపం:
ఫోన్ లేని ముసలాయన్ని ఉపగ్రహం ఏం పట్టుకుంటుంది కోతీ

కోడ్_కోతి:
అదే దాని లోటని వాళ్ళూ ఒప్పుకున్నారులే, ఫోన్ లేకపోతే లెక్కలోకి రారు. కానీ ప్రభుత్వం స్థాయిలో కొన్ని రోజుల్లో లక్షలమందికి చేరడం మామూలు విషయమా. సరే మన పదిహేను మందికి యాప్ ఎక్కువే, ఒప్పుకుంటా. ఒక షీటు చాలు, కానీ దానికి తాళం ఉండాలి, ఇద్దరికి తప్ప చూసే వీలు ఉండకూడదు, పని అయిపోయాక చెరిపేయాలి. ఎవరింట్లో జబ్బుందో, ఎవరింట్లో మగదిక్కు లేదో ఉన్న లిస్టు అది, లింక్ ఉన్న ప్రతివాడూ తెరిచేలా పెడితే దొంగకి దారి చూపించినట్టే.

లెక్కలమాస్టారు:
టోగో మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా, మనం కూడా సంచులు మానేసి డబ్బే ఇచ్చేస్తే? కొనడం, కట్టడం, మోయడం ఏవీ ఉండవు. లెక్క కూడా శుభ్రంగా ఉంటుంది.

ఊరికే_చూస్తుంటా:
డబ్బిస్తే తాగేస్తారు అంటారు చూడండి ఇప్పుడు ఎవరో ఒకరు

మూడో_అంతస్తు:
నేనే చెప్తా. మాకు డబ్బిచ్చుంటే ముందు గ్యాస్, తర్వాత మాత్రలు, మిగిలింది అద్దె కింద. తాగేవాళ్ళు లేరని అనను, కానీ సంచి ఇచ్చినా తాగేవాడు ఆ సంచి అమ్ముకుని తాగుతాడు. ఇంటి ఆడమనిషి చేతికి ఇవ్వండి. అయితే ఒకటుంది, లాక్‌డౌన్ మొదటి వారంలో డబ్బున్నా కొట్లు తెరిచి లేవు, కొన్నిచోట్ల సరుకు లేదు. అప్పుడు సంచే దేవుడు. కొట్లు తెరిచాక సంచి ఎందుకు? కొట్టాయనకి మీరు ముందే కట్టేసి, వీళ్ళకి ఇంతవరకు ఏం కావాలంటే అది ఇవ్వండి అని చెప్తే, మేం వెళ్ళి మామూలు గిరాకీలా తెచ్చుకుంటాం. ఎవడికీ తెలీదు. ఆ పాత_టపా గారు చెప్పిన రాయి దగ్గర నాణేల్లాగ.

పాత_టపా:
అమ్మా, నేను చరిత్ర మాత్రమే చెప్పాను, దాన్ని ఇవ్వాళ్టి పనికి పట్టుకొచ్చింది మీరు.

గట్టుమీద_కుర్రాడు:
ఇది రాసుకున్నా. మొదటి రెండు వారాలు సంచి, కొట్లు తెరిచాక కొట్టు చీటీ. చీటీ మీద మా గ్రూపు పేరు కూడా వేయం.

అసలు ప్రశ్న ఇంకా అలాగే ఉంది. అడగని ఇంటిని పట్టుకోవడం ఎలా?

వీధిదీపం:
వాలంటీర్లు ఎక్కువుంటే అయిపోతుందని మాత్రం అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో 2020 మార్చిలో ప్రభుత్వ ఆరోగ్య సేవకి సాయంగా రెండున్నర లక్షల మంది కావాలంటే కొన్ని రోజుల్లో ఏడున్నర లక్షల మంది పేరిచ్చారు. చాలామంది ఫోన్ పట్టుకుని పని ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చున్నారు. సాయం చేసేవాడు ఇక్కడ, కావాల్సినవాడు అక్కడ, మధ్యలో తెలిసిన మనిషి లేడు. ఆ మధ్య మనిషి ఎవరు అన్నదే ప్రశ్న

నర్సక్క:
మధ్య మనిషి మీ చుట్టూ ఇప్పటికే ఉంటుంది. చంటిపిల్లలకి టీకాలు వేయించే ఆవిడ, బడి టీచరు, చెత్త తీసుకెళ్ళే అతను, నీళ్ళ క్యాన్ వేసేవాడు. చెత్త తీసేవాడికి ఎవరి పొయ్యి వెలగట్లేదో మనకంటే ముందు తెలుస్తుంది, డబ్బాలో ఏం పడట్లేదో చూస్తాడు కదా. వాళ్ళని ముందు మనుషుల్లా చూసి, మాస్క్, సబ్బు వాళ్ళకి ఇచ్చి, ఆ తర్వాత అడగండి.

ఊరికే_చూస్తుంటా:
బడి అన్నారు కదా, అది పెద్ద విషయం అక్కా. బళ్ళు మూసేసినప్పుడు అందరూ ఆన్‌లైన్ క్లాసుల గొడవే మాట్లాడారు. ప్రపంచం మొత్తం మీద సుమారు 37 కోట్ల మంది పిల్లలకి బళ్ళో పెట్టే భోజనం ఆగిపోయిందని ఐక్యరాజ్యసమితి వాళ్ళు అప్పుడు లెక్క చెప్పారు. బళ్ళో భోజనం తినే పిల్లల పేర్లు టీచర్ల దగ్గర ఉంటాయి, ఆ ఇళ్ళల్లో మధ్యాహ్నం పూట ఒక కంచం ఎక్కువ అయిందన్నమాటే. అడగక్కర్లేకుండా దొరికే లిస్టు అది.

ఇంకో మాట, ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ళ సంగతి. బయటికి పోవడం లేదు, ఫోన్‌లో మాట్లాడితే పక్కనే ఉంటాడు. స్పెయిన్‌లో కేనరీ దీవుల్లో 2020 మార్చిలో ఒక పద్ధతి పెట్టారు, మందుల షాపుకి వెళ్ళి మాస్క్ 19 కావాలి అంటే చాలు, షాపువాళ్ళకి అర్థమై అధికారులకి చెప్పేవాళ్ళు. మన గ్రూపుకి కూడా అలాంటి మాట ఒకటి పెట్టుకోవాలి, ఇక్కడ మాత్రం రాయకండి!! ఆడ వాలంటీర్లకే చెప్పండి, అది విన్నాక ఎవరికి ఫోన్ చేయాలో కూడా ముందే తెలిసుండాలి, వినేసి బిక్కమొహం వేసుకుని నిలబడితే లాభం లేదు.

గట్టుమీద_కుర్రాడు:
రాసుకున్నా, మాట మాత్రం రాసుకోలేదు.

లెక్కలమాస్టారు:
ఒక మాట అడగనా. మనం అందరికీ ఫోన్ చేసి, ఎలా ఉన్నారు అని మాత్రమే అడిగితే? ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ, మేడలో ఉన్న ముసలివాళ్ళకి కూడా. అందరికీ ఫోన్ వస్తే అది నామోషీ కాదు కదా. సాయం కావాలా అని అడిగితే వద్దనే అంటారు, నేనైనా అదే అంటాను.

మూడో_అంతస్తు:
ఇది మంచి మాట మాస్టారూ. వారానికోసారి ఒకే మనిషి ఫోన్ చేయాలి, వారానికో కొత్త గొంతు కాదు. మొదటిసారి అంతా బాగానే ఉంది అంటాం. రెండోసారి కూడా అంటాం. మూడోసారికి ఏదో ఒకటి నోరు జారుతుంది.

వీధిదీపం:
జబ్బు తగ్గిపోయింది అని టీవీలో చెప్పగానే ఫోన్లు ఆపేయొద్దు. అప్పుల వాళ్ళు తలుపు కొట్టేది అప్పుడే. కోవిడ్ అత్యవసరం అయిపోయిందని డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది 2023 మే 5న, మన గ్రూపులన్నీ 2020 చలికాలానికే సర్దుకున్నాయి, రెండో వేవ్‌లో మళ్ళీ మొదటినుంచి మొదలు

గట్టుమీద_కుర్రాడు:
అవును, మాదీ అదే కథ. రెండో వేవ్‌కి సగం మంది ఫోనే ఎత్తలేదు, అలిసిపోయారు, ఒకడి నాన్న పోయారు. తిరిగే వాళ్ళకి కూడా వారం పని వారం సెలవు అని పెట్టుకోవాలి.

ఫారమ్ ఇప్పుడు ఇలా అయింది. సంపాదన గడి తీసేశా. కార్డు నంబర్ తీసేశా, దాని బదులు ఇంటి గుర్తు చాలు. ఫొటో లేదు, సంతకం లేదు. మందులు ఎన్ని రోజులకి ఉన్నాయి, వంటకి గ్యాస్ ఉందా, చంటిబిడ్డ ఉంటే ఏ పాలు, ఆడవాళ్ళు ఫోన్‌లో ఎవరితో మాట్లాడాలనుకుంటారు. ఎవరు నింపాలంటే మా ఫోన్ మనిషే, మాట్లాడుతూ మాట్లాడుతూ, ఫారమ్ అనే మాటే ఎత్తకుండా. చివర్న ఒక గడి కొత్తగా పెట్టా, మేం ఏ టైంకి వస్తే మీకు వీలు అని. అక్కా, మీకైతే ఏం రాయాలి అందులో?

మూడో_అంతస్తు:
చీకటి పడ్డాక అని రాసుకోండి. బెల్ కొట్టొద్దు, మిస్డ్ కాల్ ఇవ్వండి. సంచి మీద పేర్లూ బొమ్మలూ లేకుండా మామూలు సంచి తేండి.

ఆ మిషనావిడ ఇప్పటికీ అక్కడే ఉన్నారా?

గట్టుమీద_కుర్రాడు:
ఉన్నారు. రేపు ఒక చొక్కా ఆల్టర్ చేయించుకోవడానికి వెళ్తున్నా.